సరి, బేసి

పాలకొల్లు దాటాక, కాలువగట్టు పక్కన,
రొయ్యల ఫ్యాక్టరీ మెట్ల కింద
చీపుర్లకీ నాకూ మధ్య ఒక ఇనప బీరువా.
లోపల రెండు స్విచ్చులు,
వాటిని కలుపుతూ రెండు నీలం తీగలు.
రెండూ కలిపి ఒకటేనని
నాకు ముందొచ్చినవాడు తలుపు మీద రాసిపోయాడు.

మొదటి తీగ దీపం
ఊపిరాడనట్టు కొట్టుకుంటోంది.
రెండోది, భోజనమయ్యాక గుమస్తాలా
ఎప్పుడో ఓసారి ఓ కన్ను తెరుస్తుంది.

పని చీటీలో "కెమెరా బొమ్మ ఆగుతోంది" అని ఉంది.
పల్లాలమ్మ పేరు లేదు.
మంగళవారం రాత్రి పదీ నలభైకి
చేతులు కడుక్కోడానికి లేచిందావిడ.
బొమ్మ అక్కడే గడ్డకట్టింది,
ఖాళీ స్టూలు మీద, ఏడు నిమిషాలు.
మూలనున్న గడియారం కూడా ఆగిందని
ఎవరూ చూళ్ళేదు.
సగం రాత్రి కూలి కోశారు.

వాచ్‌మన్ తాతారావు గొడుగు ముడిచి మెట్టు మీద కూర్చున్నాడు.
ఇరవయ్యేళ్ళు లాకుల దగ్గర లస్కరు.
"రెండు కాలవలుండగా ఒకదాన్లోనే వొదిల్తే
గట్టు తెగదాండీ మరి?"

చెప్పాను.
పంపేవాడి నంబరూ అందుకునేవాడి నంబరూ
పక్కపక్కన పెట్టి చూస్తుంది స్విచ్చి.
రెండూ సరైతే మొదటి తీగ.
రెండూ బేసైనా మొదటి తీగే.
ఒకటి సరి, ఒకటి బేసి అయితేనే రెండోది.
బరువు తూచదు.
ఏది నిండిందో వంగి చూడదు.
గుప్పిట్లో చింతపిక్కలు లెక్కపెట్టే పిల్లలాగ
సరా, బేసా, అంతే.

కెమెరాలు ముప్పై రెండు.
రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది...
బేసి నంబర్లు రేపు కొనబోయేవాటికని
దాచిపెట్టాడు ఆ మహానుభావుడు.
అన్నీ వెళ్ళి చేరే రికార్డరు రెండొందలు.

తెలివొచ్చిందనుకుని
రికార్డరుని రెండొందల ఒకటి చేశాను.
మొదటి దీపం చప్పున చల్లారింది.
రెండోది ఊపిరాడక కొట్టుకోవడం మొదలెట్టింది.
తాతారావు నవ్వాపుకోలేదు.
"ఆయ్, ఈ తలుపు దించి ఆ తలుపు ఎత్తారండీ!"

ఓ గరిటె ఇటు, ఓ గరిటె అటు
పంచెయ్యకూడదా అన్నాడు.
పంచొచ్చు. కానీ వెనకది ముందొచ్చేస్తే
ఎత్తకముందే చెయ్యి దిగిపోతుంది,
లేవకముందే మనిషి వెళ్ళిపోతుంది.
అతను కాసేపు వాన చూశాడు.
"నిజమేనండి. ఒకడి నీళ్ళు ఒక బోదెలోనే పోవాలి.
రెండు తూములంటే రెండు తగువులు."

పదహారు కెమెరాలకి బేసి నంబర్లిచ్చాను,
ఒక్కోదాన్నీ ఆర్పి, నిద్రలేపి,
నిచ్చెన తాతారావు పట్టుకుంటే.
మూడున్నరకి రెండు దీపాలూ కొట్టుకున్నాయి.
సమానంగా కాదు.
తలలు గిల్లే హాలు ఒక తీగ మీదికెళ్ళింది,
పిల్లి తప్ప ఎవరూ తిరగని వరండా రెండోదాని మీదికి.
ధవళేశ్వరం దిగువన మాత్రం
గౌతమికెంత, వసిష్ఠకెంత అని
ఏ వానాకాలం సరిగ్గా సగం కోసింది?

తెరలో ఇప్పుడు పన్నెండు మంది
మోచేత్తో నుదురు తుడుచుకునేవాళ్ళు,
మంచుగడ్డలో వేళ్ళు పెట్టి తీసేవాళ్ళు,
ఎక్కడా తెగకుండా.
చివరి స్టూలు ఖాళీ.
మంగళవారం నుంచీ ఆవిడ రావట్లేదట.

రిపోర్టులో "కారణం" అన్న గడిలో
సరి బేసి లెక్కంతా రాసి,
చోటు చాలక అంచున ఇంకో వాక్యం ఇరికించాను:
ఆ ఏడు నిమిషాలూ బొమ్మ ఆగింది, మనిషి ఆగలేదు.

పొద్దున మేనేజరు చదవకుండానే సంతకం పెట్టాడు.
కింది కాపీ తాతారావు అడిగి తీసుకున్నాడు.
తడవకుండా నాలుగు మడతలు పెట్టి
టోపీ లోపల దోపుకున్నాడు.
వాళ్ళ వీధేనట ఆవిడ.